ఎన్నో స్థానం అని కాదు, ఏ వరుస అని అడుగుదాం

(మంచిర్యాలలో తల్లిదండ్రులు, విద్యార్థులు కూడిన ఒక సభలో లెక్కల ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగానికి రాతరూపం.)



లెక్కల సారు మాట్లాడుతడంటే సగం మంది లేచిపోతరని నాకెరుకే. కానీ ఇయ్యాల నేను చెప్పే లెక్క మీ ఇండ్లల్లకు ఎప్పుడో వచ్చి కూసున్నది. ర్యాంకు అనే పేరుతో వచ్చింది. పర్సంటైల్ అనే పేరుతో వచ్చింది. అంగన్‌వాడీ కార్డు మీద రంగు గీతలుగా వచ్చింది. మన పిల్లలు పదిమందిలో ఎక్కడున్నరో చెప్పే లెక్క ఇది. దీన్ని మనం చదువుకోకపోతే ఇంకొకడు చదివి వినిపిస్తడు. వాడు ఎట్ల చదివితే మనం అట్ల నమ్మాలె. తునికాకు కల్లం కాడ యాభై ఆకుల కట్ట లెక్క రానోడు ఎట్ల మోసపోతడో, వెయ్యి బీడీల లెక్క కాడ నోరు తెరవని తల్లి ఎట్ల నష్టపోతదో ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలోళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. చదువుల కాడ జరిగే మోసం సుత లెక్కతోనే మొదలైతది.

నూటికి ఎన్ని? నూరుమందిలో ఎక్కడ?

బడిలో ప్రార్థన కాడ పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెడతం. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు ఎనుక. వరుసలో ఉన్న ఒక ఆడపిల్ల గురించి రెండు సంగతులు చెప్పొచ్చు. ఆమె ఎత్తు నాలుగున్నర అడుగులు అనేది ఒకటి. ఆమె ముందు పన్నెండు మంది ఉన్నరు అనేది రెండోది. మొదటిది ఆమె కొలత. రెండోది ఆమె స్థానం. అదే పిల్లను ఆరో తరగతి వరుసలో నుంచి తీసి పదో తరగతి వరుసలో పెట్టండి. ఎత్తు అంగుళం కూడా తగ్గదు. స్థానం మాత్రం మారిపోతది. పక్కవాళ్ళను బట్టి చెప్పే ఈ స్థానాన్ని పుస్తకాలలో సాపేక్ష స్థానం అంటరు.

శాతం వేరు, శతాంశం వేరు. నూటికి ఎన్ని మార్కులు వచ్చినయో చెప్పేది శాతం. నూరుమందిలో ఎంతమంది నీతో సమానంగా గానీ, నీకంటె తక్కువగా గానీ ఉన్నరో చెప్పేది శతాంశం. ఇంగ్లీషులో పర్సంటైల్ అంటున్నది దీన్నే. ఒక హాస్టల్‌లో ఇరవై మంది పిల్లలు పరీక్ష రాసిన్రు అనుకుందాం. ఒక పిల్లకు 54 మార్కులు వచ్చినయి. ఆమెతో కలిపి 54, అంతకు తక్కువ వచ్చినవాళ్ళు పదిహేను మంది. పదిహేనును ఇరవైతో భాగించి నూరుతో గుణిస్తే 75. ఆమె 75 పర్సంటైల్‌లో ఉన్నది. అదే ప్రశ్నపత్రం పట్నంలో ఫీజులు కట్టి చదివే ఇరవై మందికి ఇచ్చిన్రు. అక్కడ 54, అంతకు తక్కువ వచ్చింది నలుగురికే. ఆ వరుసలో 54 మార్కుల స్థానం 20 పర్సంటైల్. మార్కు అదే, వరుస మారింది.

ఇప్పుడు ఒక మార్కుల మెమో చెప్తా, వినండి. 750కి 282. అంటే 37.6 శాతం. పేరు దాచిపెట్టి ఈ మెమో చూపిస్తే మన టీచర్లే "మామూలు పిలగాడు, ఐటీఐకి పంపుండ్రి" అంటరు. అది 1907లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు నుంచి మెట్రిక్ పాసైన భీమ్‌రావు అంబేద్కర్ మెమో. ఆ మార్కులకు సభ పెట్టి సన్మానం చేసిన్రు. ఎస్.కె. బోలే అధ్యక్షత వహించిండు, కేలూస్కర్ గురువు తాను రాసిన బుద్ధుని జీవిత చరిత్రను బహూకరించిండు. ఎందుకు? మహర్ల వరుసలో మెట్రిక్ దాకా వచ్చినవాళ్ళు అరుదు కాబట్టి. శాతం చూసినోనికి 37.6 కనబడ్డది. వరుస చూసినోళ్ళకు ఆ పిలగాడు కనబడ్డడు. ఆరేండ్లకు, 1913లో, ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో ఉన్నడు.

అరవై ఒకటి అంటే ఏంది?

ఇంజనీరింగ్ చదువులకు దేశమంతా రాసే జేఈఈ మెయిన్ పరీక్షను 2019 నుంచి నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ నడుపుతున్నది. పరీక్ష చాన పూటలల్ల జరుగుతది. ఒక పూట ప్రశ్నపత్రం కఠినంగా ఉంటది, ఇంకో పూట అల్కగా ఉంటది. అందుకని మార్కులను నేరుగా పోల్చకుండ, ఏ పూట రాసినవాళ్ళను ఆ పూట వరుసలోనే నిలబెట్టి పర్సంటైల్ లెక్క కడతరు. సూత్రం నేను హాస్టల్ కాడ చెప్పిందే. చుక్క తర్వాత ఏడు అంకెల దాకా ఇస్తరు.

2025లో ఈ పరీక్ష రాసినవాళ్ళు 14 లక్షల 75 వేలు. అడ్వాన్స్‌డ్ పరీక్ష రాయడానికి అర్హత గీత జనరల్‌కు 93.10, ఎస్సీలకు 61.15, ఎస్టీలకు 47.90. ఇగ చూడండి, మాటలు మొదలైతయి. "మాకు తొంభై మూడు కావాలె, వాళ్ళకు అరవై మార్కులకే సీటు" అంటరు. ఇందులో రెండు అబద్ధాలున్నయి. మొదటిది, అది సీటు కాదు, ఇంకో పరీక్ష రాసేందుకు అర్హత మాత్రమే. రెండోది, 61 మార్కులు కాదు. దేశంలో పరీక్ష రాసిన నూరుమందిలో 61 మంది ఆ పిల్లతో సమానంగానో, ఆమెకంటె తక్కువగానో ఉన్నరని అర్థం. తొమ్మిది లక్షల మందికి ఎదురునిలిచి వచ్చిన పిల్లను పట్టుకొని "ప్రతిభ లేదు" అంటున్నరు. 93కూ 61కీ నడుమ 32 మార్కుల తేడా అనుకుంటున్నరు. అది మార్కుల తేడా కానే కాదు, జనం తేడా. జనం కిక్కిరిసిన కాడ రెండు మార్కులు పెరిగితే వేలమందిని దాటిపోతం. జనం పలచబడ్డ కొసన ఇరవై మార్కులు పెరిగినా పర్సంటైల్ ఒక చుక్క మాత్రమే కదులుతది. కాబట్టి ఒక పర్సంటైల్‌లో నుంచి ఇంకో పర్సంటైల్ తీసేసి "ఇన్ని మార్కులు తక్కువ" అనేవానికి లెక్క రానట్టే.

మన ఇండ్లల్ల ఇంకో పొరపాటు జరుగుతున్నది. 35 అంటే పాసు అని మనకు అలవాటు. 48 పర్సంటైల్ వచ్చిన పిలగాడు పాసైన అనుకుంటడు. 61 వచ్చిన పిల్ల, పక్కింటామె "మావోనికి పదిల తొంభై వచ్చినయి" అనంగనే తలవంచుకుంటది. రెండింటినీ ఒకే తక్కెడలో తూచడం తప్పు. తలవంచుకున్న పిల్లలు ఎంత దూరం పోతరో మనం చూసినం. 2019 ఏప్రిల్‌లో తప్పుల తడకగా వచ్చిన ఇంటర్ ఫలితాల తర్వాత ఈ రాష్ట్రంలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నరు. అంకెను తప్పుగా వేసినా, తప్పుగా చదివినా పోయేది పిల్లల పాణమే.

మన జిల్లాలను వరుసలో నిలబెడదాం

పిల్లలను ఇడిసిపెట్టి జిల్లాలను నిలబెట్టి చూద్దాం. 2011 జనాభా లెక్కలప్పుడు తెలంగాణలో పది జిల్లాలుండె. 2016 అక్టోబర్‌లో వాటిని ముక్కలు చేసిన్రు. ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది, కరీంనగర్ సుత చీలిపోయింది. పాత పదింటి అక్షరాస్యత శాతాలు కింది నుంచి పైకి చదువుతా: మహబూబ్‌నగర్ 55.04, ఆదిలాబాద్ 61.01, నిజామాబాద్ 61.25, మెదక్ 61.42, కరీంనగర్ 64.15, నల్లగొండ 64.20, ఖమ్మం 64.81, వరంగల్ 65.11, రంగారెడ్డి 75.87, హైదరాబాద్ 83.25.

పదింటినీ కూడి పదితో భాగిస్తే సగటు 65.6 వస్తది. ఇప్పుడు ఆ సగటు కంటె కింద ఎన్ని జిల్లాలున్నయో చూడండి. ఎనిమిది! పదిలో ఎనిమిది సగటు కిందనే ఉంటే అది ఎవరి సగటు? హైదరాబాద్, రంగారెడ్డి రెండూ కలిసి సగటును పైకి గుంజినయి. ఊళ్ళో దొరకు రెండొందల ఎకరాలుండి, తొమ్మిది మంది కూలీలకు గుంటెడు భూమి లేకపోయినా "తలకు ఇరవై ఎకరాలు" అని రాసుకునే లెక్క ఇట్లాంటిదే. అందుకే సగటు చెప్పినోణ్ణి నడిమి విలువ కూడా చెప్పమని అడగాలె. వరుస కట్టినంక సరిగ్గా నడుమ నిలిచేదాన్ని మధ్యగతం అంటరు. ఇక్కడ అది ఐదో, ఆరో జిల్లాల నడుమ, అంటే 64.2 దగ్గర ఉన్నది. వరుసను నాలుగు సమాన భాగాలు చేస్తే వచ్చే గీతలు చతుర్థాంశాలు. కింది సగానికి నడిమి విలువ 61.25, అది మొదటి చతుర్థాంశం. ఆదిలాబాద్ దానికి కూడా కిందనే ఉన్నది.

ర్యాంకు దాచిపెట్టే సంగతి ఇంకోటి ఉన్నది. ఆదిలాబాద్ కింది నుంచి రెండోది, మెదక్ నాలుగోది. రెండు ర్యాంకుల తేడా, కానీ అసలు తేడా 0.41 మాత్రమే. వరంగల్‌కూ రంగారెడ్డికీ ఒక్క ర్యాంకే తేడా. అసలు తేడా 10.76! ర్యాంకు ఎవరు ముందో చెప్తది, ఎంత ముందో చెప్పదు. ఆ "ఎంత" చెప్పేందుకు ఇంకో కొలత ఉన్నది. సగటు నుంచి జిల్లాలు మామూలుగా ఎంత దూరం చెదిరి ఉన్నయో లెక్క కడతరు. దాన్ని ప్రామాణిక విచలనం అంటరు. ఈ పది జిల్లాలకు అది 7.7 వస్తది. దాన్ని ఒక అడుగు అనుకోండి. ఆదిలాబాద్ సగటుకు 0.6 అడుగు కింద ఉన్నది. కరీంనగర్ 0.2 అడుగు కింద. హైదరాబాద్ 2.3 అడుగులు పైన. ఈ అడుగుల లెక్కను జడ్ స్కోరు అంటరు. ర్యాంకులో మెట్టు మెట్టుకూ ఎడం ఒకటే అన్నట్టు కనబడుతది. జడ్ స్కోరులో అగాధం అగాధంగానే కనబడుతది.

ఈ కొలతను పుట్టించినోడు

పర్సంటైల్ అనే మాటను 1885లో వాడుకలోకి తెచ్చినోడు ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషాయన. 1884లో లండన్ ప్రదర్శనలో కొలతల కేంద్రం పెట్టి తొమ్మిది వేల మందికి పైగా జనం ఎత్తు, బరువు, చూపు, పిడికిలి బలం కొలిచిండు. గొప్ప పనే. కానీ మంచి పుట్టుకవాళ్ళు పెరగాలె, నాసి పుట్టుకవాళ్ళు తగ్గాలె అనే యూజెనిక్స్ సిద్ధాంతానికి 1883లో పేరు పెట్టింది కూడా ఆయనే. 1869లో రాసిన పుస్తకంలో జాతులకు జాతులనే తెలివి మెట్ల మీద పైకీ కిందికీ కూసోబెట్టిండు. వరుసలో ఎక్కడున్నడో చూసి, అక్కడే ఉండాలని పుట్టిండు అన్నడు. చూడండి, ఈ ఆలోచన మనకు కొత్తనా? మనిషి స్థానమే మనిషి స్వభావం అని చెప్పే నిచ్చెనమెట్ల శాస్త్రం ఈ దేశంలో గాల్టన్ తాత పుట్టకముందు నుంచే ఉన్నది. అంబేద్కర్ దాన్నే శ్రేణీకృత అసమానత అన్నడు.

కత్తి చేసినోడు దుర్మార్గుడని కత్తిని పారేస్తమా? కూరగాయలు కోసుకుంటం. అదే జడ్ స్కోరును ఇప్పుడు మన చేతిలో పెట్టి చూపిస్త.

అంగన్‌వాడీ కార్డు చెప్పే మాట

1997 నుంచి 2003 దాకా ప్రపంచ ఆరోగ్య సంస్థ బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాలల్ల దాదాపు 8,500 మంది పిల్లలను కొలిచింది. ఎవరిని? తల్లిపాలు తాగి, కడుపునిండ తిని, వైద్యం అందిన పిల్లలను. జాతి ఏదైనా, దేశం ఏదైనా, తిండి సరిగ్గ ఉంటే చిన్నపిల్లలు దాదాపు ఒకే తీరుగ పెరుగుతరని తేలింది. పుట్టుకను బట్టి మనిషి అన్నోళ్ళకు ఇంతకంటె పెద్ద జవాబు లేదు. 2006లో ఆ కొలతల పట్టికలు వచ్చినయి. అంగన్‌వాడీ కార్డు మీది ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగులు వాటివే. మూడేండ్లు నిండిన ఆడపిల్లకు నడిమి బరువు 13.9 కిలోలు. రెండు అడుగులు కిందికి పోతే 10.8. మూడు అడుగులు కిందికి పోతే 9.6. మీ బిడ్డ పది కిలోలుంటే పసుపు పట్టీలో ఉన్నట్టు.

తిండి అందిన పిల్లల వరుసలో రెండు అడుగుల గీత కింద నూటికి ఇద్దరో ముగ్గురో ఉంటరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేండ్ల లోపు పిల్లల్లో ఆ గీత కింద నూటికి 31.8 మంది ఉన్నరు. ఎత్తు లెక్కలో 33.1 మంది. ఇదే పిల్లను వాడలో పిల్లల పక్కన నిలబెడితే "బాగానే ఉన్నది, అందరసొంటిదే" అంటరు. ఆకలి వరుసలో ఆకలి కనబడదు. కడుపు నిండినోళ్ళ వరుసలో నిలబెడితేనే కనబడుతది. వరుసను ఎవరు ఎంచుకున్నరు, ఎందుకు ఎంచుకున్నరు అనేదే అసలు రాజకీయం.

మన లోపలి వరుస

ఈ లెక్క బయటివాళ్ళకే పెట్టి మనకు పెట్టుకోకపోతే అది నిజాయితీ కాదు. "ఎస్సీలు" అని ఒక్క సగటు చెప్తే దాని కింద 59 కులాలున్నయి. అందులో ఎవరు పై చతుర్థాంశంలో ఉన్నరు, ఎవరు కిందిదాంట్లో ఉన్నరు, ఎవరి పేరు ఏ పట్టికలోనూ లేదు అని చూసుకోవాలె. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఆరుగురి మెజారిటీతో వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో చట్టం అమల్లోకి వచ్చింది. బాగా వెనుకబడ్డ 15 కులాలకు 1 శాతం, 18 కులాలకు 9 శాతం, 26 కులాలకు 5 శాతం. ఏ గ్రూపు అంకె సరైనది అని మనం ఎంతసేపైనా వాదించుకుందాం. కానీ వాదన లెక్కల మీద జరగాలె, తిట్ల మీద కాదు. హైదరాబాద్ అంకె చూపించి ఆదిలాబాద్‌ను దాచిపెట్టొద్దు అన్న మనమే, మనలో ముందున్నవాళ్ళను చూపించి వెనుకున్నవాళ్ళను దాచిపెట్టొద్దు.

అడగాల్సిన ప్రశ్నలు

ఫలితాల నాడు పేపర్ల నిండ కార్పొరేట్ కాలేజీల ఫొటోలుంటయి. ఒకటి, రెండు, ఐదు, పదకొండు ర్యాంకులు. అది వరుస కొస. కొస చూపించి మొత్తం వరుసను అమ్ముతున్నరు. ఆ కాలేజీకి పోయినప్పుడు ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకొని పోండి.

ఒకటి: ఎంతమంది చేరిన్రు, ఎంతమంది పరీక్ష రాసిన్రు? నడుమ మానేసినోళ్ళు వరుసలోనే ఉండరు. బలహీనమైన పిల్లలను బయటికి పంపితే మిగిలినోళ్ళ లెక్క దానంతట అదే మెరుస్తది. తునికాకు కాలంల, ఇటుక బట్టీల కాలంల బడి మానిన మన పిల్లలు ఏ పర్సంటైల్‌లోనూ లేరు.

రెండు: మీ దగ్గర చదివినోళ్ళలో నడిమి పిలగాని ర్యాంకు ఎంత? మొదటి చతుర్థాంశం ఎంత? మీ బిడ్డ చేరేది ఆ మొత్తం గుంపులోకి. ఫొటోలోని పిలగాని చోటులోకి కాదు.

మూడు: చేరేనాడు ఆ పిల్లలు ఎక్కడుండిరి? పదో తరగతిలో ముందున్నోళ్ళను ఏరుకొని వచ్చి ఇంటర్‌లో ముందు చూపిస్తే కాలేజీ చేసిన గొప్ప ఏమున్నది? 40 పర్సంటైల్‌లో ఉన్న పిల్లను 60కి తెచ్చిన సర్కారు బడి పంతులమ్మ ఎక్కువ పని చేసినట్టు.

నాలుగు: వరుస కట్టే సూత్రం ఏంది? 2023లో తెలంగాణ ప్రభుత్వం ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు ఉండే 25 శాతం వెయిటేజీని పూర్తిగా తీసేసింది. సూత్రం మారితే పిల్లలు మారకుండానే ర్యాంకులు మారుతయి. మంచికా చెడ్డకా అని అప్పుడే అడగాలె, ఫలితాలు వచ్చినంక కాదు.

ఈ ప్రశ్నలు ప్రైవేటు వాళ్ళకే కాదు, మన గురుకులాలకూ వెయ్యాలె. అవి మనవి కాబట్టి ఇంకా గట్టిగా వెయ్యాలె. సర్కారు సంస్థలైతే సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగొచ్చు. మధ్యగతం చెప్పండి, చతుర్థాంశాలు చెప్పండి, కులాలవారీగా, ఆడ మగవారీగా చెప్పండి అని అర్జీ పెట్టండి. రాయరాకపోతే వాడలో డిగ్రీ చదివే పిల్లలున్నరు, మేమున్నం.

పిల్లలారా, మీకు ఒక్క మాట. మీ పర్సంటైల్ అబద్ధం కాదు. దాన్ని దాచుకోవద్దు, దానికి భయపడొద్దు. ఆ రోజు, ఆ పూట, ఆ వరుసలో మీరు ఎక్కడున్నరో అది చెప్పింది. రేపు ఎక్కడుంటరో చెప్పే అధికారం దానికి లేదు. పోయినసారి మార్కులు, ఈసారి మార్కులు పక్కపక్కన రాసుకోండి. మీ కొలత పెరుగుతున్నదా అని ముందు చూసుకోండి, స్థానం సంగతి ఆ తర్వాత. అర్థం కాని అంకె ఏ కాగితం మీద కనబడ్డా సంతకం పెట్టకముందే, ఏడ్వకముందే, ఎవరినన్న అడగండి. వచ్చే ఆదివారం నుంచి ఇదే తావుల కూసుందాం. మీ మార్కుల మెమోలు, అంగన్‌వాడీ కార్డులు పట్టుకొని రాండ్రి. కలిసి చదువుదాం.

జై భీమ్.